ఆయన లెక్క వేరు, నా లెక్క వేరు: సీనియర్ లివింగ్‌కి పోవాలా వద్దా

ఈ మధ్య ఫోన్ చేసిన ప్రతి ఒక్కరూ ఇదే అడుగుతున్నారు, "ఏంది, ఇల్లొదిలేసి కోయంబత్తూరు పోతుండారంట గదా" అని. కోయంబత్తూరులో ఉన్నది సీనియర్ లివింగ్, అంటే పెద్దవయసు వాళ్ళు తమ ఫ్లాటులో తాముంటే నర్సు, భోజనం లాంటివి పక్కనే దొరికే చోటు. చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుడతా ఉంది, పైగా ఒకరికి చెప్పింది ఇంకొకరి దగ్గరికి పోయేసరికి వేరే రకంగా మారిపోతోంది, అందుకే మొత్తం ఇక్కడే రాసేస్తున్నా. మా వయసు వాళ్ళుగానీ, మా వయసు అమ్మానాన్నలున్న పిల్లలుగానీ ఎవరన్నా చదివితే వాళ్ళకీ కొంచెం పనికొస్తుంది.

ముందు మా సంగతి. మాది కావలి. నేను జడ్పీ హైస్కూళ్ళలో లెక్కల టీచర్‌గా చేసి రిటైరయ్యా, ఇప్పుడు 66. మావారికి 73, ట్రంకు రోడ్డులో ముప్పై ఏళ్ళు ఎరువుల షాపు నడిపారు, కావలి చుట్టుపక్కల రైతుల్లో ఆయన తెలియని వాళ్ళు తక్కువ. ఆయనకి పార్కిన్సన్స్ అని నెల్లూరులో డాక్టర్ చెప్పి ఐదేళ్ళు దాటింది. మొదట కుడి చేతి బొటనవేలు వణికేది, అంతే. ఇప్పుడు నడక చిన్న చిన్న అడుగులైపోయింది, మలుపు తిరగాలంటే కాళ్ళు నేలకి అతుక్కుపోయినట్టు ఆగిపోతారు, గొంతు కూడా బాగా సన్నబడింది. అమ్మాయి బెంగళూరులో, అబ్బాయి టెక్సాస్‌లో.

2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను గుర్తుందా? 5వ తారీఖున బాపట్ల దగ్గర తీరం దాటింది, అంతకు ముందు రాత్రంతా మా తీరం వెంబడే పోయింది. కరెంటు లేదు, ఫోన్‌లో సిగ్నల్ లేదు, గాలికి వెనకింటి రేకులు లేచి పడతా ఒకటే మోత. రాత్రి రెండున్నరకి ఆయన బాత్రూమ్‌కి లేచారు, నన్ను లేపలేదు, నిద్ర చెడుతుందని. పడిన చప్పుడు కూడా నాకు వినపడలేదు ఆ గాలిలో, పక్కన మంచం ఖాళీగా ఉందని చెయ్యికి తగిలి లేచా. టార్చి వేసుకుని పోయి చూస్తే బకెట్‌కీ గోడకీ మధ్యన ఇరుక్కుని కూర్చోనున్నారు. మనిషి 78 కిలోలు. నాకు మోకాళ్ళ నొప్పులు. చంకల కింద చేతులు పెట్టి లేపబోయా, ఇద్దరం కలిసి జారాం. మళ్ళా ప్రయత్నించా, వల్లకాలేదు. వీధిలోకి పోయి అరిచినా ఆ గాలికి ఎవరికి వినపడుతుంది, గేటు దాకా పోయి వచ్చా, ఆయన్ని ఒంటరిగా వదలడానికి మనసు రాలా. ఇంక ఆ తడి నేల మీదే ఆయన వీపుకి నా వీపు ఆనించి కూర్చున్నా, ఒంటిమీద తువ్వాలు కప్పి. "నువ్వు పోయి పడుకో, తెల్లారినాక చూద్దాం" అంటారాయన. ఐదు దాటినాక ఎదురింటి పిల్లోడు, డిగ్రీ చదివేవాడు, చెట్టు కొమ్మ పడిందేమో చూద్దామని బయటికొస్తే అప్పుడు పిలిచా. ఎముకలేమీ విరగలేదు, దేవుడి దయ.

ఆ రెండున్నర గంటలు నేనింకా మర్చిపోలేదు. సీనియర్ లివింగ్ గురించి ఎవరు ఏం మాట్లాడినా, మంచైనా చెడైనా, నేను ముందు ఆ రాత్రి దగ్గర నుంచే లెక్క మొదలుపెడతా.

మిగతా దారులు చూళ్ళేదని కాదు. బెంగళూరులో అమ్మాయి దగ్గర రెండు నెలలున్నాం. పదకొండో అంతస్తు, పొద్దున ఎనిమిదికి వాళ్ళిద్దరూ పోతే రాత్రి ఎనిమిదికి రాక, ఆయన బాల్కనీలో కూర్చుని కింద కార్లు చూస్తా ఉండేవారు. అబ్బాయి దగ్గరికి పోతే విజిటర్ వీసా ఆరు నెలలు, అక్కడ ఈ జబ్బుతో ఆస్పత్రి ఖర్చు తల్చుకుంటేనే భయం. ఇంట్లోనే మనిషిని పెడదామని నెల్లూరు ఏజెన్సీలో అడిగితే ఉదయగిరి వైపు అమ్మాయిని పంపారు. బంగారం లాంటి పిల్ల, ఆయన కాళ్ళు ఆగిపోయినప్పుడు చెయ్యి లాగకుండా "ఒకటి, రెండు, ఒకటి, రెండు" అని పక్కన లెక్కపెడతా నడిపించేది. ఇరవై రోజులకి వాళ్ళమ్మకి బాగాలేదని ఫోనొచ్చింది, ఏడ్చుకుంటా పోయింది. తర్వాత వచ్చినామె రాత్రుళ్ళు ఉండనంది. ఆ తర్వాత ఇంకొకామె. వాళ్ళ తప్పేమీ లేదు, వాళ్ళ సంసారాలు వాళ్ళకున్నాయి. కానీ మనిషి మారిన ప్రతిసారీ ఆయన మళ్ళీ మొదటి నుంచి సిగ్గుపడాలి, స్నానం దగ్గర. అది నేను చూడలేకపోయా.

అప్పుడు అమ్మాయి ఈ కోయంబత్తూరు సంగతి తెచ్చింది. ఇలాంటి కమ్యూనిటీలు హైదరాబాద్, చెన్నై, బెంగళూరు చుట్టూ కూడా ఉన్నాయి, కానీ కోయంబత్తూరు దీనికి ముందు నుంచీ పేరు పడిన ఊరు, పాలక్కాడ్ కనుమ గాలి వల్ల ఎండలు మనంత ఉండవు, ఆస్పత్రులు దగ్గర, నెల్లూరులో శబరి ఎక్కితే రాత్రి నిద్రపోయి లేచేసరికి అక్కడ. పోయిన ఫిబ్రవరిలో పదిహేను రోజులు ట్రయల్ స్టే కింద ఉండొచ్చాం. ఆ చోటు పేరు ఇక్కడ రాయను, అడిగినా చెప్పను, ఎందుకంటే ఒకరి చోటు ఇంకొకరికి సరిపడాలని లేదు.

పోయేముందు మా మరిది వచ్చి, "అన్నని తీసకపోయి ఆశ్రమంలో పడేస్తావా వదినా" అన్నాడు. ఆ మాట నన్ను వారం రోజులు తిననివ్వలేదు. వృద్ధాశ్రమం వేరు, ఇది వేరు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో దిక్కులేని ముసలివాళ్ళ కోసం జిల్లాకొకటన్నా కనీసం 150 మంది పట్టేలా ప్రభుత్వం ఆశ్రమం పెట్టొచ్చని ఉంది, అది వాళ్ళ కోసం. ఇది మన డబ్బుతో మనం తీసుకునే ఫ్లాటు, మన తాళం, మన పూజ గది, కావాలంటే మన వంట, కాకపోతే తలుపు అవతల నర్సు, అంబులెన్స్, భోజనశాల ఉంటాయి. ఇదంతా మరిదికి చెప్పా. విన్నాడుగానీ ఒప్పుకోలేదు. అన్నంటే వాడికి ప్రాణం, వాడి బాధ నాకు అర్థమవుతుంది, కానీ ఆ తుఫాను రాత్రి వాడు కూడా ఒంగోల్లోనే ఉన్నాడు గదా, రావాలనుకున్నా హైవే మీద ఎట్టా వస్తాడు.

సరే, అక్కడ ఏం బాగుందో చెప్తా.

నాలుగో రోజు రాత్రి. బాత్రూమ్‌లో కమోడ్ పక్కన నేలకి జానెడు ఎత్తు దాకా ఒక ఎర్ర తాడు వేలాడుతుంటుంది, పడిపోయిన మనిషి చెయ్యి చాపినా అందేలా. పగలు వాళ్ళు చూపించారు, లాగితే నర్సుల గదిలో బెల్ మోగుతుందని. నాకు నమ్మకం కుదరలేదు. పగలు అందరూ పనిచేస్తారు, రాత్రి సంగతేంది? సరిగ్గా రెండున్నరకి లేచి, కావాలనే లాగా. గోడ గడియారం చూస్తా నిలబడ్డా. నాలుగు నిమిషాలు. నర్సమ్మ, వెనకాల ఒక కుర్రాడు వీల్‌చైర్ తోసుకుంటా వచ్చేశారు. నేను వచ్చీరాని తమిళంలో క్షమించమని చెప్పా, పరీక్షించడానికి లాగానని. ఆ నర్సమ్మ కోప్పడలేదు, "పరవాయిల్ల మ్మా" అని నా భుజం తట్టి, ఆయన పడుకుని ఉన్నది ఒకసారి చూసి పోయింది. తలుపేసుకుని మంచం మీద కూర్చుని ఏడ్చా. ఏడాదికి పైగా నేను నిద్రలో కూడా ఒక చెవి తెరిచే పెట్టుకున్నానని ఆ రోజుకిగానీ నాకు తెలియలేదు. ఆ రాత్రి మిగిలిన నాలుగ్గంటలు పోయిన నిద్ర ఎట్టాంటిదో చెప్పలేను.

రెండోది మాత్రల సంగతి. ఈ జబ్బుకిచ్చే మాత్ర తిండికి అరగంట ముందు పడాలి, పప్పు, గుడ్డు, పాలు లాంటి మాంసకృత్తులతో కలిసిపోతే సరిగ్గా పనిచేయదు. ఇంట్లో మా భోజనం ఒకరోజు పన్నెండున్నరకి, ఒకరోజు రెండుకి, ఎవరన్నా వస్తే ఇంకా ఆలస్యం, మాత్రేమో ఒక్కోసారి ముందు, ఒక్కోసారి అన్నంతో పాటే. అక్కడ పొద్దున ఎనిమిది, మధ్యాహ్నం పన్నెండున్నర, రాత్రి ఏడున్నర, గంట కొట్టినట్టు. ఏడింటికి మాత్ర, ఏడున్నరకి అన్నం. వారం తిరిగేసరికి ఆయన నడకలో తేడా నాకు కనపడింది, భోజనశాల దాకా ఆగకుండా నడిచారు. మందు మారలేదు, డోసు మారలేదు, వేళ మాత్రమే మారింది. ఇది చూసి నేనెంత బాధపడ్డానో, ఐదేళ్ళుగా ఇంట్లో నేనే ఇది పాటించి ఉండొచ్చు గదా అని. ఇప్పుడు కావలిలో కూడా అవే వేళలు పెట్టా.

మూడోది నాది, పూర్తిగా నాది. పెళ్ళయిన 44 ఏళ్ళలో నేను వండకుండా తిన్నది పుట్టింటికి పోయినప్పుడూ, పురుళ్ళప్పుడూ, పెళ్ళిళ్ళలోనూ. స్కూల్ రోజుల్లో నాలుగున్నరకి లేచి రెండు పూటలకీ వండి క్యారేజీ కట్టుకుని బస్సెక్కినదాన్ని. అక్కడ రెండో రోజు పొద్దున ఆరున్నరకి మెలకువొచ్చి, ఈరోజు ఏం వండాలి అనే ఆలోచన రాకపోతే తల తేలిగ్గా ఉందనిపించింది. మా పక్క ఫ్లాటులో ఒకావిడ ఉండేది, 78 ఏళ్ళు, కోయంబత్తూరులోనే పుట్టి పెరిగిన తెలుగావిడ. వాళ్ళ ముత్తాతల ముత్తాతలు ఎప్పుడో వలసపోయిన వాళ్ళు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, మనం ఎప్పుడో వదిలేసిన మాటలు వాళ్ళ నోట్లో ఇంకా ఉన్నాయి, కానీ ఒక్క అక్షరం చదవడం రాదు. "అమ్మిణీ, నాకు నా పేరు తెలుగులో రాయడం నేర్పిస్తావా" అని అడిగింది. రోజూ సాయంత్రం నాలుక్కి పలక లాగా ఒక నోటుబుక్కు పెట్టుకుని కూర్చునేవాళ్ళం. పదో రోజుకి తన పేరు, చనిపోయిన వాళ్ళాయన పేరు రాసింది, ఆ కాగితం చించి పర్సులో పెట్టుకుంది. రిటైరైనాక ఇన్నేళ్ళకి మళ్ళీ టీచర్నయ్యా.

ఇప్పుడు ఆయన వైపు నుంచి చూడండి.

ఆయన గొంతు సన్నబడిందని చెప్పా గదా. కావలిలో పొద్దున ఆరింటికి జవహర్ భారతి గ్రౌండ్ దాకా ఆటోలో పోయి, బెంచీ మీద కూర్చుంటే నలుగురైదుగురు పాత స్నేహితులు చేరతారు. ఆయన మాట్లాడితే వాళ్ళు చెవి దగ్గరికి వంగి వింటారు, సగం మాట వినపడకపోయినా మిగతా సగం వాళ్ళకి తెలుసు, ముప్పై ఏళ్ళుగా వింటున్న గొంతు. "శెనక్కాయకి జిప్సం ఎప్పుడెయ్యాలి సామీ" అని రైతులు ఇప్పటికీ ఇంటికొచ్చి అడుగుతారు, ఆయన చెప్పడానికి ఐదు నిమిషాలు పట్టినా నిలబడి విని పోతారు. అక్కడ భోజనశాలలో కొత్త మనుషులు. మంచివాళ్ళే, పలకరించారు. ఈయన ఏదో చెప్పారు, వాళ్ళకి వినపడక "ఏంటండీ?" అన్నారు, ఈయన మళ్ళీ చెప్పారు, మళ్ళీ వినపడలేదు, వాళ్ళు నవ్వి తలూపి ఊరుకున్నారు. మూడోసారి ఈయన చెప్పలేదు. పదిహేను రోజుల్లో ఆయన నాతో తప్ప ఎవరితోనూ వరసగా నాలుగు మాటలు మాట్లాడలేదు. నేను అక్కడ కొత్త మనుషుల్ని సంపాదించుకుంటుంటే, ఆయన ఉన్న మనుషుల్ని పోగొట్టుకుంటున్నారు. ఇది ఏ బ్రోచర్‌లోనూ ఉండదు, ఏ పిల్లలూ లెక్కలోకి తీసుకోరు. అమ్మానాన్న అని ఇద్దర్నీ కలిపి ఒకే గడిలో రాసేస్తారు, కానీ నాకు కూడిక అయింది ఆయనకి తీసివేత అవుతోంది, దాన్ని దీంతో కొట్టేసి సున్నా అని చెప్పడానికి వీల్లేదు.

తిండి ఇంకోటి. అక్కడ శాకాహారమే. ఇలాంటి చోట్ల చాలావరకు అంతేనంట. వంట బాగుంటుంది, ఉప్పూ కారం తక్కువ, ముసలివాళ్ళకి సరిపోతుంది. కానీ మావారు నెల్లూరు జిల్లా మనిషి, వారానికి రెండుసార్లన్నా చేప ఉండాల్సిందే. వంజరం అయినా సరే, బొమ్మిడాయిలైనా సరే, మామిడికాయ ముక్కలేసి పులుసు పెడితే ఆ పూట తినరు, రాత్రంతా అట్టే ఉంచి మర్నాడు పొద్దున తింటారు, అప్పుడే పులుసు ముక్కకి పడుతుందని. ఫ్లాటులో చిన్న వంటగది, ఇండక్షన్ స్టవ్ ఉన్నాయి, కానీ చేపలు వండితే వాసన కారిడార్ అంతా పోతుంది, పక్కవాళ్ళు ఏమంటారో. రెండో వారం రాత్రి అన్నం ముందు కూర్చుని, "ఇంటికెప్పుడు పోతాం" అని అడిగారు. అడిగింది అది ఒక్కసారే.

ఇంకొకటి, లిఫ్టు పక్కన బోర్డు. అక్కడ ఎవరన్నా పోతే ఫోటో పెట్టి దీపం పెడతారు. మేమున్న పదిహేను రోజుల్లో రెండు ఫోటోలు మారాయి. మర్యాదగానే చేస్తారు, అందరూ వచ్చి దణ్ణం పెట్టుకుంటారు, నిజం చెప్పాలంటే మన వీధిలో కూడా అంత శ్రద్ధగా రారు. కానీ మన వీధిలో చావుతో పాటు బారసాల కూడా ఉంటుంది, స్కూల్ ఆటో హారన్ కూడా ఉంటుంది. అక్కడ పిల్లల గొంతు ఆదివారాలు, మనవళ్ళు చూడ్డానికి వస్తేనే.

డబ్బు సంగతి చాలామంది అడిగారు, విడిగా రాస్తా, కాగితం మీద వేసుకున్నదే. మాకు చెప్పినవి ఇవి: సింగిల్ బెడ్‌రూమ్ అద్దె, మెయింటెనెన్స్ కలిపి నెలకి 26 వేలు, భోజనం మనిషికి 8,500, అంటే ఇద్దరికీ 43 వేలు. ఫిజియోథెరపీ, కరెంటు, మందులు విడి. స్నానం చేయించడం, బట్టలు తొడగడం లాంటి సాయం కావాల్సొస్తే అసిస్టెడ్ కేర్ కింద ఇంకో 20 వేలు పైన. వినడానికి సరే, నా పెన్షన్‌కి కొంచెం చేర్చుకుంటే సరిపోతుంది. కానీ అగ్రిమెంట్‌లో ఏటా 8 శాతం పెంచుతాం అని చిన్న అక్షరాల్లో ఉంది. లెక్కల టీచర్ని కాబట్టి ఆ లైన్ దగ్గరే ఆగిపోయా. ఏటా 8 శాతం అంటే తొమ్మిదేళ్ళకి రెట్టింపు. ఈ 43 వేలు 86 వేలవుతుంది, అప్పటికి నాకు 75, ఆయనకి 82, అప్పుడే గదా అసలు సాయం కావాల్సింది. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీమ్‌లో ఒకరి పేరు మీద 30 లక్షల దాకా వేసుకోవచ్చు, ఇప్పుడున్న 8.2 శాతానికి నిండా వేస్తే మూడు నెలలకి 61,500 వస్తుంది, కానీ ఆ వడ్డీ ఐదేళ్ళూ ఒకటే, అద్దె మాత్రం పెరుగుతానే ఉంటుంది. ఈ తేడా మీ అమ్మానాన్నల లెక్కలో తప్పకుండా వేసుకోండి. జీఎస్టీ కూడా అడగండి, నివాసితుల సంఘానికి కట్టే మెయింటెనెన్స్ నెలకి 7,500 లోపు ఉంటే పడదు, కంపెనీయే నడుపుతుంటే ఆ మినహాయింపు ఉండదు.

ఇంకో లైన్ కూడా ఉంది, దానికి నాకు చెయ్యి ఆగింది. నివాసి పరిస్థితి సంస్థ చూసుకోగలిగినదానికి మించితే కుటుంబం వేరే ఏర్పాటు చేసుకోవాలి, ఆ నిర్ణయం సంస్థదే, అని. పార్కిన్సన్స్‌లో కొందరికి చివరికి మతిమరుపు, భ్రమలు కూడా వస్తాయి. అప్పుడెట్టా అని మేనేజర్‌ని అడిగా. ఆ అబ్బాయి నిజాయితీగానే చెప్పాడు, "మా దగ్గర మెమరీ కేర్ లేదమ్మా, ఆ దశ వస్తే వేరే చోటికి మార్చాల్సి వస్తుంది" అని. అబద్ధం చెప్పనందుకు దణ్ణం పెట్టాలి. కానీ ఇల్లమ్మేసి అక్కడ ఫ్లాటు కొనుక్కుని, ఆ రోజు వస్తే మేం ఎక్కడికి పోవాలి? కొన్న ఫ్లాటు తిరిగి అమ్మాలన్నా అక్కడ ఉండబోయేవాళ్ళకి 55 దాటి ఉండాలి, అమ్మకం కంపెనీ ద్వారానే జరగాలి, అందులో వాళ్ళకి కొంత శాతం. కొనేవాళ్ళు 2016 నాటి రెరా చట్టం (ఇళ్ళ ప్రాజెక్టుల నియంత్రణ చట్టం) కింద ఆ ప్రాజెక్టు రిజిస్టరైందో లేదో చూసుకోండి, కేంద్రం 2019లో రిటైర్మెంట్ హోమ్స్ కోసం నమూనా మార్గదర్శకాలు కూడా ఇచ్చింది, బాత్రూముల్లో పట్టుకునే కడ్డీలు, జారని నేల, స్ట్రెచర్ పట్టే లిఫ్టు లాంటివి అందులో ఉన్నాయి, అవి చేతిలో పెట్టుకుని తిరిగి చూడండి. నేను మాత్రం కొనను. అద్దెకే.

ఇల్లు ఎట్టాగూ ఖాళీ అవుతుంది గదా, పిల్లల పేరు మీద రాసేసి పొండి అని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. నా పిల్లలు మంచివాళ్ళు, వాళ్ళ మీద నాకే అనుమానం లేదు. అయినా రాయను. ఎవరన్నా రాయాలనుకుంటే మాత్రం, మమ్మల్ని చూసుకోవాలి అనే షరతు ఆ గిఫ్ట్ డీడ్‌లోనే రాయించండి. ఆ 2007 చట్టం 23వ సెక్షన్ కింద, చూసుకోకపోతే ఆ బదిలీ చెల్లదని ట్రిబ్యునల్ ప్రకటించొచ్చు, ఆర్డీవో దగ్గరికి పోయి అర్జీ పెట్టుకోవచ్చు, కానీ షరతు కాగితం మీద ఉంటేనే దానికి బలం. నోటిమాటగా అనుకున్నవి నిలబెట్టుకోవడం కష్టం. తెలియని సంగతులేమన్నా ఉంటే 14567కి ఫోన్ చేయండి, అది వయోవృద్ధుల కోసం ఉన్న హెల్ప్‌లైన్, డబ్బు పడదు. మా వీధి చివర పెద్దాయన ఒకరు ఎట్టాంటి కాగితం లేకుండా రాసిచ్చి, ఇప్పుడు సొంతింట్లోనే వెనక గదిలో ఉంటున్నారు. రోజూ ఆయన మా గేటు ముందు నుంచే టీ తాగడానికి పోతారు.

ఇవన్నీ అయినాక మార్చిలో ఒక రోజు మధ్యాహ్నం ఆయన్ని కూర్చోబెట్టి అడిగా. పిల్లలు లేరు, మరిది లేడు, మేమిద్దరమే. "మీకేం కావాలో మీరు చెప్పండి, నాకేం కావాలో నేను చెప్తా, ముందు రెండూ విడివిడిగా విందాం" అన్నా. నేను చెప్పింది: రాత్రుళ్ళు నాకు భయం వేస్తోంది, నాకు నిద్ర కావాలి, మిమ్మల్ని లేపడానికి ఇంకో జత చేతులు కావాలి. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు, నేను కూడా తొందరపెట్టలేదు, మాట రావడానికి ఆయనకి టైమ్ పడుతుంది. తర్వాత అన్నారు, "నేను లేకపోతే నువ్వు ఒక్కదానివే ఈ ఇంట్లో ఎట్టా ఉంటావని నాకు దిగులు. అక్కడ నీకు మనుషులు దొరికారు. చూశా." ఆ నోటుబుక్కు పట్టుకుని నేనూ ఆవిడా కూర్చోవడం ఆయన దూరం నుంచి చూస్తానే ఉన్నారన్నమాట. నేనేమో ఆయన మాట పోతోందని లెక్కేసుకుంటుంటే, ఆయన నా కోసం లెక్కేస్తున్నారు.

ఇద్దరం కలిసి అనుకున్నది ఇది. అక్టోబర్ నుంచి సంక్రాంతి ముందు దాకా, ఈశాన్య రుతుపవనాలు, తుఫాన్లు ఉండే కాలమంతా, దాదాపు నాలుగు నెలలు అక్కడ అద్దెకుంటాం. సంక్రాంతికి తిరిగొస్తాం, పండక్కి మన వాకిట్లో ముగ్గు పడాల్సిందే. మిగతా ఎనిమిది నెలలు కావలిలో, ఆయన బెంచీ, ఆయన రైతులు, ఆయన పులుసు. ఇంటి బాత్రూమ్‌లో కడ్డీలు వేయించా, నేల గరుకు టైల్స్ మార్పించా, ఎదురింటి పిల్లోడి గదికి వినపడేలా బ్యాటరీ మీద పనిచేసే బెల్ ఒకటి పెట్టించా. వాళ్ళమ్మ, "టీచరమ్మా, ఇది ఆ రోజే పెట్టించి ఉంటే మావాడు పరిగెత్తుకుంటా వచ్చేవాడు" అంది. నిజమే. నాలుగు నెలలకి అద్దెకివ్వాలా వద్దా అని కోయంబత్తూరు వాళ్ళు ముందు నసిగారు, ఏడాది అగ్రిమెంట్ కావాలన్నారు, కొంచెం ఎక్కువ కడతామంటే ఒప్పుకున్నారు. వచ్చే ఏడు ఆయన ఎట్టా ఉంటారో, నా మోకాళ్ళు ఎట్టా ఉంటాయో చూసి మళ్ళీ కూర్చుని మాట్లాడుకుంటాం.

మొన్న తుమ్మలపెంట నుంచి వచ్చే చేపలామె తట్ట దించి అరుగు మీద కూర్చుని, "యాడికో పోతుండారంట గదా, ఇంక నా చేపలు ఎవురు దీసుకుంటారు" అంది. సంక్రాంతికి వచ్చేస్తాం అన్నా. "అయితే కనుమకి మంచి వంజరం తెస్తా, సామికి చెప్పు" అంది. ఆయన లోపల్నుంచి విన్నారు.

సోమవారం అగ్రిమెంట్ పంపేముందు అడగాల్సినవన్నీ ఒక కాగితం మీద రాసిపెట్టా: రాత్రి డ్యూటీలో ఎంతమంది నర్సులు, మాత్రల డబ్బా ఎవరు నింపుతారు, మా హెల్త్ కార్డు అక్కడి ఆస్పత్రిలో చెల్లుతుందా, ఫిజియోతో పాటు గొంతు వ్యాయామం నేర్పేవాళ్ళు ఎవరన్నా వస్తారా. ఆ కాగితం ఆయన టేబుల్ మీద పెట్టి, మీకేమన్నా అడగాలనుంటే రాయండి అని చెప్పి బజారుకి పోయా. ఈ జబ్బుకి చేతిరాత కూడా చిన్నదైపోతుంది, ఒకప్పుడు షాపు బోర్డు తన చేత్తో రాసుకున్న మనిషి అక్షరాలు ఇప్పుడు ఆవగింజలంత ఉంటాయి. తిరిగొచ్చి చూస్తే కింద ఒక లైన్ చేరింది. కళ్ళజోడు పెట్టుకుని కిటికీ దగ్గరికి పట్టుకుపోయి చదివా.

"ఆదివారం ఒక్కపూట గదిలో చేపలు వండుకోనిస్తారా."

దాన్ని అన్నిటికన్నా పైన, ఒకటో నంబర్ వేసి, పెద్ద అక్షరాలతో మళ్ళీ రాశా.